సెలవు పొడిగించమని ఫోర్‌మన్‌కు చెప్పాను, ఆఫీసు వాళ్లు నా ఉద్యోగం తీసేశారు. గ్రాట్యుటీ కూడా పోయినట్టేనా?

జగిత్యాల స్టోర్ కీపర్ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నాది జగిత్యాల జిల్లా. 2017 డిసెంబరు నుంచి దుబాయ్‌లో ఒక ఎలక్ట్రికల్, ప్లంబింగ్ కాంట్రాక్టు కంపెనీలో ఉన్నాను. హెల్పర్‌గా వెళ్లాను. లెక్కలు రాయడం వచ్చని రెండో ఏడు స్టోర్‌లో కూర్చోబెట్టారు. మూల వేతనం 1,200 దిర్హాములు, అన్నీ కలిపి 2,100. ఉండేది సోనాపూర్ క్యాంపులో. ఇన్నేళ్లలో ఒక్క వార్నింగ్ లెటర్ లేదు. స్టాక్ తనిఖీలో తేడా వచ్చిందని నన్ను నిలబెట్టి అడిగినవాడు లేడు.

మాకు రెండేళ్లకోసారి అరవై రోజుల సెలవు. ఈసారి ఫిబ్రవరిలో వచ్చాను. ఏప్రిల్ 10తో సెలవు అయిపోతుంది. తిరుగు టికెట్ ఉంది, అమ్మ పచ్చళ్లు కూడా కట్టి పెట్టింది. ఏప్రిల్ మొదటి వారంలో నాన్న తెల్లవారుజామున పొలానికి బయలుదేరి, గడప దగ్గర చెప్పు తొడుక్కోబోతూ కుడి పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కరీంనగర్ తీసుకెళ్లాం. మాట పడిపోయింది, కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. ఇంట్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. చెల్లెలు అత్తవారింట్లో ఉంది. ఆయనను మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం అమ్మ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

ఆసుపత్రి వరండాలో నుంచే మా ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో హిందీలో మాట్లాడి పంపాను. నాన్నకు ఇలా అయింది, టికెట్ మార్చుకుంటున్నాను, నెల రోజులు పట్టేలా ఉంది, ఆఫీసుకు చెప్పండి అన్నాను. రెండు నీలి గీతలు వచ్చాయి. కాసేపటికి బొటనవేలు గుర్తు, ఆ కింద "నాన్నను జాగ్రత్తగా చూసుకో" అని ఒక మాట. అంతకన్నా ఏం కావాలి? సెలవు కావాలన్నా, ఒంట్లో బాగాలేకపోయినా, ఓవర్‌టైమ్ తప్పు పడినా మేము చెప్పుకునేది ఫోర్‌మన్‌కే. ఆఫీసు అల్ ఖూజ్‌లో ఎక్కడో ఉంటుంది. ఏడేళ్లలో అక్కడికి వెళ్లింది పాస్‌పోర్టు పని మీద తప్ప లేదు.

మే రెండో వారంలో మా రూములో ఉండే సిరిసిల్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, క్యాంపు బాస్ వచ్చి నీ బెడ్ ఖాళీ చేయమన్నాడు, కొత్త మనిషి వస్తున్నాడట. నీ పెట్టె ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు. నా ఉద్యోగం పోయిన సంగతి నాకు తెలిసింది అలా.

ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకామె తీసింది. మూడు మెయిళ్లు పంపామని, ఎన్నో సార్లు ఫోన్ చేశామని, జవాబు లేనందున మే 6న తొలగించామని చెప్పింది. వాళ్లు ఫోన్ చేసింది నా దుబాయ్ నంబరుకు. ఆ సిమ్ పాత ఫోనులో, ఆ ఫోను క్యాంపులో నా పెట్టెలో ఉంది. మెయిల్ ఐడీ అంటారా, అది 2017లో వీసా కాగితాలప్పుడు ఇక్కడి ఏజెంటు తయారు చేసింది. దాని పాస్‌వర్డ్ నాకు ఎప్పుడూ తెలియదు. ఫోర్‌మన్‌కు ఫోన్ చేస్తే తనను ఏప్రిల్‌లోనే ఫుజైరా సైట్‌కు మార్చారని, టైమ్‌కీపర్‌కు చెప్పినట్టే గుర్తు అని అంటున్నాడు. చెప్పినట్టే గుర్తట!

గ్రాట్యుటీ ఏమీ రాదని, అక్కడి కార్మిక చట్టంలో 44వ ఆర్టికల్ కింద తీసేస్తే అంతేనని ఒక రూమ్మేట్ భయపెడుతున్నాడు. నిజమేనా? వేరే కంపెనీ వీసా మీద మళ్లీ వెళ్లవచ్చా, లేక బ్యాన్ పడుతుందా? ఇక్కడ కూర్చుని ఏమైనా చేయగలనా? తెలిసినవాళ్లు చెప్పండి. "అంతా దేవుడి దయ" అని మాత్రం రాయవద్దు, ఇక్కడ బంధువులు రోజూ అదే అంటున్నారు.

ఆర్మూర్ పెద్దాయన:

తమ్ముడూ, నేను అబుదాబిలో పందొమ్మిదేళ్లు టైమ్‌కీపర్‌గా చేసి వచ్చాను. ఇప్పుడు పసుపు వేసుకుంటున్నాను. నీ సంగతి చదువుతుంటే ఆ టైమ్‌షీటు కళ్ల ముందు కనిపించింది.

అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను విను. నువ్వు సెలవులో ఉన్నన్నాళ్లు నీ పేరు ఎదురుగా సెలవు గుర్తు పడుతుంది. ఏప్రిల్ 10 దాటిందా, ఆఫీసు నుంచి పొడిగింపు కాగితం రాకపోతే టైమ్‌కీపర్ తన చేత్తోనే గైర్హాజరు వేస్తాడు. వాడికి నీ మీద కోపం లేదు. నీ నాన్న సంగతి వాడికి తెలిసినా అదే వేస్తాడు, ఎందుకంటే నెలాఖరుకు ఆ షీటు మీద సంతకం వాడిదే. షీటు ఆఫీసుకు వెళ్తుంది, అక్కడి అమ్మాయి గైర్హాజరు గళ్లు లెక్కపెడుతుంది. వరసగా ఏడు రోజులు దాటితే ఎర్ర సిరాతో గీత గీస్తుంది. ఈ దారిలో ఫోర్‌మన్ ఎక్కడా లేడు చూడు. సైట్‌లో ఆయన మాటే వేదం కావచ్చు, సెలవు ఇచ్చే అధికారం మాత్రం ఆయనకు లేదు.

నువ్వు స్టోర్ చూసినవాడివి కదా. అదే ఫోర్‌మన్ వచ్చి వంద మీటర్ల కేబుల్ ఇవ్వు, స్లిప్పు రేపు పంపిస్తాను అంటే ఇచ్చేవాడివా?

గ్రాట్యుటీ మీద ఆశ పెట్టుకోకు. మా రోజుల్లో 120వ ఆర్టికల్ కింద తీసేస్తే చిల్లిగవ్వ ఇచ్చేవారు కాదు. మా కంపెనీలో కడప జిల్లా వెల్డర్ ఒకాయన పదకొండేళ్లు చేసి ఉత్త చేతులతో వెళ్లాడు. ఇప్పుడు ఆ 120 పేరు 44 అయింది, అంతే తేడా.

మెట్‌పల్లి వాసి:

పెద్దాయన కంపెనీ వైపు మాట్లాడుతున్నట్టుంది. ఏడేళ్లు చేసిన మనిషి వారం రోజులు రాకపోతే ఒక్కరికైనా ఇండియా నంబరుకు ఫోన్ చేయాలని తోచదా? పాస్‌పోర్టు చివరి పేజీలో ఇంటి అడ్రసు ఉంటుంది, రూమ్మేట్లు ఉంటారు. బెడ్ ఖాళీ చేయించడానికి రూముకు మనిషిని పంపగలిగినవాళ్లు కబురు పంపలేరా?

అన్నా, నాకైతే వేరే అనుమానం. మీ ప్రాజెక్టు అయిపోవచ్చిందా? మీతోపాటు ఇంకెవరినైనా తీసేశారా? పని తగ్గినప్పుడు ఇలాంటివాళ్లనే ముందు ఏరుతారు. ముందుగా నోటీసు ఇచ్చి తీసేస్తే ఆ కాలానికి ఇవ్వాల్సిన జీతం మిగులుతుంది కదా.

గోదావరి అమ్మాయి, దుబాయ్:

స్టోర్ కీపర్ గారూ, ముందు నాన్నగారు కోలుకోవాలని కోరుకుంటున్నాను. నేను ఇక్కడ ఒక కంపెనీలో హెచ్ఆర్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పెద్దాయన చెప్పిన టైమ్‌షీటు కథ అక్షరాలా నిజం, ఎర్ర సిరా బదులు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ గీస్తుంది. గ్రాట్యుటీ మాట మాత్రం ఇప్పుడు చెల్లదు.

120 అన్నది 1980 నాటి చట్టంలోనిది. దాని కింద తొలగిస్తే గ్రాట్యుటీ నిజంగానే పోయేది. 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త చట్టం వచ్చింది, అది 2021 నాటి 33వ నంబరు డిక్రీ. అందులో 44వ ఆర్టికల్ కింద నోటీసు లేకుండా తీసేయవచ్చు గానీ, అలా తీసేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. చాలామంది క్యాంపు బాస్‌లకు, కొందరు అకౌంటెంట్లకు కూడా ఈ మార్పు ఇంకా తలకెక్కలేదు. కొందరు తెలిసీ తెలియనట్టు ఉంటారు, అది వేరే విషయం.

మీ లెక్క వేద్దాం. మీరు 2017 డిసెంబరు 10 ప్రాంతంలో చేరి ఉంటే, సెలవు ముగిసిన ఏప్రిల్ 10 వరకు ఏడేళ్ల నాలుగు నెలలు. ఆ తర్వాతి గైర్హాజరు రోజులు సర్వీసులోకి రావు, వాటిని వదిలేయండి. గ్రాట్యుటీ మూల వేతనం మీదే కడతారు. 1,200ను 30తో భాగిస్తే రోజుకు 40 దిర్హాములు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున 105 రోజులు, అంటే 4,200. తర్వాత ఏడాదికి 30 రోజుల చొప్పున రెండేళ్లకు 2,400, నాలుగు నెలలకు 400. మొత్తం 7,000 దిర్హాములు. మన రూపాయల్లో లక్షన్నరకు పైమాటే. మధ్యలో జీతం లేని సెలవులు వాడి ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో ఇవన్నీ చెల్లించాలని చట్టం. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

ఇక బ్యాన్. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను అందరూ కలిపేస్తారు. 44 కింద తొలగింపు ఒకటి. "చెప్పకుండా పని వదిలి వెళ్లాడు" అని మానవ వనరుల శాఖకు, అంటే మనం మోహ్రే అనేదానికి, కంపెనీ పెట్టే ఫిర్యాదు ఇంకొకటి. మన క్యాంపుల్లో కల్లివెల్లి అనేది ఈ రెండోదాన్ని. అది నిలబడితే ఏడాదిపాటు కొత్త వర్క్ పర్మిట్ ఇవ్వరు. మీరు ఇక్కడ కనిపించకుండా పోలేదు, కంపెనీ ఇచ్చిన సెలవు మీదే ఇంటికి వెళ్లారు కాబట్టి ఆ ఫిర్యాదు పెట్టి ఉండరనే అనుకుంటున్నాను. అయినా అనుకోవడం వద్దు. మోహ్రే ఆప్‌లో మీ లేబర్ కార్డు నంబరుతో చూసుకోండి.

44వ ఆర్టికల్ చదివితే ఇంకొకటి ఉంది. తొలగించే ముందు రాతపూర్వకంగా విచారణ జరపాలి, కారణాలతో రాతపూర్వకంగా నిర్ణయం ఇవ్వాలి. వరసగా ఏడు రోజులకు మించి, సరైన కారణం లేకుండా రాకపోవడం అని కూడా స్పష్టంగా ఉంది. తండ్రికి పక్షవాతం సరైన కారణమా కాదా అన్నది వాదించుకోవలసిన విషయం. ఒక్క మాట మాత్రం మీకు నచ్చకపోయినా చెప్పాలి. ఇక్కడి చట్టంలో తల్లి లేదా తండ్రి చనిపోతే మూడు రోజుల సెలవు ఉంది, భార్యో భర్తో పోతే అయిదు రోజులు. తల్లిదండ్రుల జబ్బుకు సెలవంటూ విడిగా లేదు. అందుకే పొడిగింపు అడగడం కంపెనీ దయ మీద ఆధారపడిన విషయం, ఆ దయ కూడా రాతలో ఉండాలి.

ఇప్పుడు నాకు కావలసినవి: ఆ మూడు మెయిళ్లలో ఏముంది? తొలగింపు లేఖలో ఏ కారణం రాశారు? ఫోర్‌మన్‌కు పంపిన వాయిస్ మెసేజ్ ఇంకా ఉందా?

అబుదాబి డ్రైవరు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నెలకు అయిదు దిర్హాములు కట్టే ఉద్యోగ బీమా ఉంది కదా, ఐలో. అన్న దానికి దరఖాస్తు చేయకూడదా? మూడు నెలలు మూల వేతనంలో 60 శాతం ఇస్తారని మా కంపెనీలో చెప్పారు.

గోదావరి అమ్మాయి, దుబాయ్:

డ్రైవరు గారూ, మంచి ప్రశ్న. కానీ క్రమశిక్షణ కారణంగా తొలగిస్తే ఆ బీమా రాదు, 44 అంటే అదే. మనిషి దేశంలో ఉండాలి, ఉద్యోగం పోయిన 30 రోజుల్లో అడగాలి. ఈయన విషయంలో మూడూ కుదరవు. మీరు మాత్రం ప్రీమియం ఆపకండి. కనీసం పన్నెండు నెలలు వరసగా కట్టి ఉంటేనే పనికొస్తుంది, మూడు నెలలకు మించి కట్టకపోతే 200 దిర్హాముల జరిమానా.

జగిత్యాల స్టోర్ కీపర్:

అందరికీ ధన్యవాదాలు. పెద్దాయనా, స్లిప్పు లేకుండా కేబుల్ ఇచ్చేవాణ్ణి కాదు, నిజమే. కానీ నేను ఆయన్ను కేబుల్ అడగలేదు, ఒక మాట చేరవేయమన్నాను.

మెట్‌పల్లి తమ్ముడూ, మా సైట్ అయిపోలేదు. నా స్థానంలో నేపాల్ అబ్బాయి వచ్చి కూర్చున్నాడట, అంటే పని ఉంది.

మేడం, నిన్న ఏజెంటు ఆఫీసుకు వెళ్లాను. జగిత్యాల కొత్త బస్టాండు దగ్గర మేడ మీద ఉండేది. ఇప్పుడక్కడ మొబైల్ షాపు ఉంది. ఏజెంటు మెట్‌పల్లికి మారాడని చెబితే అక్కడికి పోయి పట్టుకున్నాను. ఆయన ఒక పొడవాటి నోటు పుస్తకం తీశాడు. అందులో మా అందరి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, మెయిల్ ఐడీలు, పాస్‌వర్డులు వరసగా రాసి ఉన్నాయి. అందరి పాస్‌వర్డూ ఒకటే. ఆయన ఊరి పేరు, ఆ పక్కన 123. ఇన్నేళ్లూ నా పేరుతో వచ్చిన ఉత్తరాలన్నీ ఆ పుస్తకం తాళంతో ఉన్నాయన్నమాట.

మెయిల్ తెరిచాం. ఏప్రిల్ 15న మొదటిది. సెలవు ముగిసింది, వెంటనే పనిలో చేరండి, రాలేకపోతే కారణం తెలపండి అని. ఏప్రిల్ 22న రెండోది. అది చదివినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. కుటుంబంలో అనారోగ్యం వంటి కారణం ఉంటే ఆసుపత్రి కాగితాలు జతచేసి జవాబివ్వండి, మే 15 వరకు జీతం లేని సెలవు పరిశీలిస్తాం అని రాసి ఉంది. అదే వాళ్లు అడిగింది! కాగితాలన్నీ నా చేతిలో, ఒక కవరులో ఉన్నాయి. మెదడు స్కానింగ్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం, అన్నీ. మూడోది మే 6న తొలగింపు లేఖ. అనుమతి లేని గైర్హాజరు, 44వ ఆర్టికల్ అని రాశారు. గ్రాట్యుటీ గురించి ఒక్క ముక్క లేదు.

"కుటుంబంలో అనారోగ్యం వంటి కారణం" అని వాళ్లంతట వాళ్లే ఎందుకు రాశారు? ఫోర్‌మన్ ఏదో ఒకటి చెప్పే ఉంటాడు కదా. తెలిసే ఉంటే ఇంత దూరం ఎందుకు తెచ్చారు?

వాయిస్ మెసేజ్ ఉంది. తేదీ, బొటనవేలు, ఆయన రాసిన మాట అన్నీ ఉన్నాయి. మోహ్రే ఆప్‌లో మా మేనల్లుడు చూశాడు. పర్మిట్ రద్దు అని ఉంది, ఫిర్యాదు ఏదీ లేదు.

గోదావరి అమ్మాయి, దుబాయ్:

ఫిర్యాదు లేదంటే సగం బరువు దిగినట్టే. కొత్త వీసాకు ఆటంకం కనిపించడం లేదు.

రెండో మెయిల్ గురించి. అది హెచ్ఆర్‌లో అందరికీ పంపే నమూనా లేఖ అయి ఉండవచ్చు. మా దగ్గర కూడా అలాంటి వాక్యం ఒకటి ఉంది. నాలుగు వందల మందికి అదే వెళ్తుంది, పేరు, తేదీ మారుస్తాం. కాబట్టి వాళ్లకు తెలిసే చేశారని దాని మీద కేసు కట్టలేరు. కానీ మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. వాళ్లే ఒక కారణాన్ని ఒప్పుకునేదిగా రాశారు. ఆ కారణం మీకు నిజంగా ఉంది, ఆ తేదీకి ముందే కంపెనీ ఫోర్‌మన్‌కు తెలిపిన ఆధారమూ ఉంది.

ఇప్పుడు మీ సొంత మెయిల్ ఐడీ ఒకటి తెరిచి, దాని నుంచే రాయండి. ఏజెంటు ఐడీ నుంచి వద్దు. దాని పాస్‌వర్డ్ ఈ రోజే మార్చేయండి, బ్యాంకు, వీసా కాగితాలన్నీ దానికే ముడిపడి ఉంటాయి. లేఖ ఇంగ్లిషులో ఉండాలి, ఒక పేజీ దాటకూడదు. ఎవరి మీదా నింద వద్దు, ఫోర్‌మన్ మీద అసలే వద్దు. ఆయన రేపు మీకు సాక్షి కావాలి. ఉద్యోగి నంబరు, లేబర్ కార్డు నంబరు పైన రాయండి. ఏప్రిల్‌లో ఫలానా తేదీన నాన్న ఆసుపత్రిలో చేరారు, అదే రోజు ఫలానా ఫోర్‌మన్‌కు తెలిపాను, తెర ఫోటో జతచేస్తున్నాను, మీ ఉత్తరాలు నాకు జూన్‌లో మాత్రమే అందాయి అని రాయండి. ఆ తర్వాత రెండు కోరికలు. ఒకటి, తొలగింపును పునఃపరిశీలించండి. రెండు, అది కుదరకపోతే గ్రాట్యుటీ 7,000, వాడని సెలవు ఉంటే దాని సొమ్ము, నోటీసు కాలపు జీతం చెల్లించండి. నోటీసు జీతం ఇస్తారని నేను హామీ ఇవ్వను. అడగడంలో తప్పు లేదు.

పది రోజుల్లో జవాబు రాకపోతే మోహ్రేలో ఫిర్యాదు చేయండి. ఉద్యోగం ముగిసిన రెండేళ్ల వరకు గడువు ఉంది. 50 వేల దిర్హాముల లోపు తగాదాల్లో 2024 నుంచి ఆ శాఖే నిర్ణయం ఇచ్చేయగలదు, కోర్టు దాకా వెళ్లనక్కరలేదు. దుబాయ్ భారత కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు కూడా రాసి పెట్టండి. అవి కంపెనీని బలవంతం చేయలేవు గానీ కాన్సులేట్ నుంచి ఒక ఫోన్ వెళ్తే మా బోటివాళ్లం ఆ ఫైలు పైకి తీస్తాం, ఉన్నమాట. ఇక్కడ మీ తరఫున మనిషి వాదించాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యూఏఈ కాన్సులేట్ ముద్రలు వరసగా పడాలి, దానికి డబ్బూ సమయమూ పడతాయి. 7,000 కోసం అంత దూరం వెళ్లాలా అన్నది ఆఖరున ఆలోచించండి.

ఆర్మూర్ పెద్దాయన:

చట్టం మారి మూడేళ్లయిందా! ఆ కడప వెల్డర్ ఇంకో నాలుగేళ్లు ఆగి తప్పు చేసి ఉంటే బాగుండేది.

మేడం చెప్పింది చెయ్యి తమ్ముడూ. ఒక్క సంగతి కలుపుతాను. ఫోర్‌మన్‌తో ఫోనులో మాట్లాడినప్పుడు "టైమ్‌కీపర్‌కు చెప్పాను" అన్నాడు కదా, అదే మాట వాట్సాప్‌లో రాయించు. "సార్, మీరు ఏ తేదీన ఎవరికి చెప్పారో ఒక్క ముక్క రాస్తారా, ఆఫీసు వాళ్లు అడుగుతున్నారు" అని మర్యాదగా అడుగు. ఫోర్‌మన్లతో నేను ఎంతో కాలం చేశాను. మాట దాటేస్తారేమో గానీ, తండ్రి జబ్బు దగ్గర అబద్ధం ఆడరు. కొత్త సైట్‌లో ఉన్నాడు కాబట్టి భయం కూడా తక్కువ ఉంటుంది.

మెట్‌పల్లి వాసి:

ఆ ఏజెంటు నోటు పుస్తకంలో నా పేరు కూడా ఉండే ఉంటుంది. రేపే వెళ్తున్నాను.

జగిత్యాల స్టోర్ కీపర్:

కొత్త కబురు. మేడం చెప్పినట్టు మెయిల్ రాశాం. మా ఊరి హైస్కూలు ఇంగ్లిషు సారు దిద్దిపెట్టారు. ఆయన మొదట రెండు పేజీలు రాశారు, కన్నీళ్లు వచ్చేలా. సగం నేనే కొట్టేయించాను. ఫోర్‌మన్ ఒక్క వాక్యం రాసి పంపాడు: ఏప్రిల్ 8న టైమ్‌కీపర్‌కు నోటిమాటగా చెప్పాను అని. దాన్ని కూడా జతచేశాం.

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. స్థానం భర్తీ అయింది కాబట్టి ఉద్యోగం తిరిగి ఇవ్వలేమన్నారు. ఖాళీ వస్తే దరఖాస్తు చేసుకోవచ్చట. నోటీసు జీతం కుదరదట. గ్రాట్యుటీ 7,000 ఒప్పుకున్నారు, వాడని సెలవు ఏమీ మిగల్లేదని లెక్క చూపించారు, అది సరిగానే ఉంది. నోటీసు జీతం కోసం మోహ్రేకు వెళ్లాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులుగా మాట్లాడుకుంటున్నాం. అమ్మ వద్దంటోంది. నాకు మాత్రం వదలాలని లేదు. నా వైపు నుంచి మాట వెళ్లింది, వాళ్ల మనిషి దగ్గరే ఆగిపోయింది. అలా ఆగినందుకు నా జీతం కోయడం ఏమిటి?

ఒక చిక్కు ఉంది. గ్రాట్యుటీ వేయడానికి ముందు ఒక కాగితం పంపారు, సంతకం చేసి, స్కాన్ చేసి పంపమంటున్నారు. "నా బకాయిలన్నీ పూర్తిగా అందాయి, ఇకపై కంపెనీపై నాకు ఎటువంటి హక్కూ లేదు" అని ఉంది. సంతకం అందాక డబ్బు వేస్తారట. చేయనా?

గోదావరి అమ్మాయి, దుబాయ్:

చేయకండి. అందని డబ్బు అందిందని ఎవరూ రాసివ్వకూడదు. ఈ కాగితం మీద సంతకం పడితే నోటీసు జీతం మాట కూడా అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి అది అడగాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి.

ఇలా జవాబివ్వండి. గ్రాట్యుటీ 7,000 దిర్హాముల లెక్క నాకు సమ్మతమే, సొమ్ము నా ఖాతాలో జమ అయిన రోజున ఆ మొత్తం అందినట్టు రసీదు పంపుతాను. ఆ ఒక్క మొత్తానికే రసీదు. మీ జీతం కార్డు వీసా రద్దుతోపాటు ఆగిపోయి ఉండవచ్చు. అందులో వేస్తే మీరు ఇక్కడి నుంచి తీసుకోలేరు. ఇండియా ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, స్విఫ్ట్ కోడ్ మెయిల్‌లోనే రాసి, బదిలీ ఆ ఖాతాకే చేయమనండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకు కూడా బ్యాంకు తిప్పి పంపేస్తుంది.

వాళ్లు పట్టుబడితే నాకు చెప్పండి, మోహ్రే ఫిర్యాదు నింపడానికి మీ మేనల్లుడితో ఫోనులో కూర్చుంటాను. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఖాళీగా ఉంటాను. ఇంకొకటి, ఆ కాగితంలో తేదీ గడి ఖాళీగా పంపారా? ఒకసారి చూసి చెప్పండి.